ఖాళీ ఫోల్డరు

నా రాతలో తప్పులుంటాయి. దీర్ఘాలు ఒక్కోచోట మరిచిపోతాను. యాభై దాటాక రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు, చెయ్యి నెమ్మది. మీరు ఓపికపట్టి చదవండి. నాకు మాత్రం ఓపిక లేదు, ఈ సంగతి చెప్పాలని గుండె గెంతుతోంది.

ఆ పొద్దున వసారాలో నా మంచం ఎత్తి గోడకు ఆనించి, కూలీలకు అన్నం వార్చి, నర్సరీలో గులాబీ అంటుమొక్కలకు నీళ్లు పెట్టి వస్తుంటే, మా మరిది కూతురు దుర్గాశ్రీ కేకేసింది. "పెద్దమ్మా, కొత్త కంప్యూటరొచ్చింది, రా!"

దుర్గ రాజమండ్రిలో కంప్యూటరు చదివింది. మా నర్సరీ మొక్కల ఫొటోలు చూపించే ప్రోగ్రాం తయారుచేసింది. జాతికో ఫోల్డరు, దాని లోపల రకానికో ఫోల్డరు. ఆ పేర్లు చెప్పిందీ, ఫొటోల కోసం ఆకులు తుడిచిందీ నేనే. మొక్కలకు కట్టే అట్టముక్కల మీద పేర్లు రాసేదీ నేనే. "ఎవరు రాశారండీ, ముత్యాల్లా ఉన్నాయి" అని లారీల వాళ్లు అడిగితే, మా మరిది సత్తిరాజు "మా అమ్మాయండీ" అనేవాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి ఉండేదాన్ని. మా ఆయనైతే, "మొక్కకి చదువొచ్చా? మరి నీకెందుకు?" అనేవారు. ఆయన పోయిన కొన్నాళ్లకే సత్తిరాజు నా పడమటి గదిలో యూరియా బస్తాలు వేయించాడు. "మీరొక్కరే కదండీ వదినా, ఖాళీ గది మీకెందుకండీ?" అన్నాడు. అతను ఎప్పుడూ అండీ అనే అంటాడు. అండీ అంటూనే నా మంచం వసారాలోకి చేర్పించాడు.

ప్రోగ్రాంలో నాకూ ఒక ఫోల్డరు కావాలన్నాను. "ఏం పెడతావు పెద్దమ్మా?" అంది దుర్గ. "ఇంకా తెలీదే. నా పేరు పెట్టు, చాలు." ఆ అక్షరాలు తను చూపిస్తుంటే నేనే వెతుక్కుని కొట్టాను.

ఇప్పుడు ఇదంతా కొత్త కంప్యూటర్లోకి ఎక్కాలి. సీడీ పెడితే దానంతట అదే ఎక్కేలా దుర్గ ఒక స్క్రిప్టు రాసింది. "కూలీలకు పని చెప్పినట్టే పెద్దమ్మా. ఈ మడిలోవి తీసుకెళ్లి ఆ మడిలో పెట్టమని." మీట నేనే నొక్కాను. పచ్చగీత పాకుతుంటే తెర దగ్గరికి వంగి చూశాను. తీరా చూస్తే పైపై ఫైళ్లే వచ్చాయి, లోపలి ఫోల్డర్లు ఒక్కటీ రాలేదు. దుర్గ నాలిక కరుచుకుని, లోపలివన్నీ తెమ్మని ఒక మాట కలిపి, సీడీ మళ్లీ చేసింది. మళ్లీ నొక్కాను. గులాబీ వచ్చింది, మందార వచ్చింది, క్రోటన్లు వాటి రకాలతో సహా వచ్చాయి. చప్పట్లు కొట్టాను. తర్వాత నా ఫోల్డరు వెతికాను. లేదు.

"అది ఖాళీది కదా పెద్దమ్మా. లోపల ఏమీ లేకపోతే అది లెక్కలోకి తీసుకోదు. పోన్లే, తర్వాత చూద్దాం."

గుమ్మంలోంచి సత్తిరాజు నవ్వాడు. "ఖాళీదానికి ఇంత గోలేంటండీ వదినా?"

అదే గొంతు. బస్తాలు దింపించిన రోజు విన్న గొంతు. ఆ రోజు నేను తలూపాను. ఏమీ లేని చోటు ఎవరిదీ కాదనే అనుకున్నాను. ఇన్నేళ్లూ వసారాలో పడుకుని, దారిన పోయేవాళ్లకు కాళ్లు అడ్డమని ముడుచుకుని, అలాగే అనుకుంటూ వచ్చాను.

"తర్వాత కాదు దుర్గా, ఇప్పుడే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

దుర్గ నా మొహం చూసింది. సహాయం పేజీలు తిరగేసి, "ఉంది! ఉంది పెద్దమ్మా! ఖాళీవైనా సరే, ఫోల్డర్లన్నీ తెచ్చి తీరమని చెప్పే మాట ఉంది!" అని కుర్చీలో ఎగిరింది. ఆ మాట వరస చివర చేర్చింది. సీడీ మళ్లీ తయారుచేసి పెట్టింది. నొక్కాను.

వచ్చింది. నా పేరుతో, మిగతావాటి పక్కనే. తెరిచి చూశాను. తెల్లగా, ఏమీ లేకుండా, ఎంత బాగుందో.

లేచి నిలబడ్డాను. "సత్తిరాజూ, పడమటి గదిలో బస్తాలు సాయంత్రంలోగా తీయించు."

"అందులో ఏం పెడతారండీ వదినా?"

"ఏమీ పెట్టను."

కాకర అచ్చాయమ్మ,
యాభై ఎనిమిదేళ్లు,
పడమటి గది, కడియం.
తాళం నా దగ్గరే ఉంది.