నొక్కిన పొడి

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. లాప్‌టాప్‌లో బ్యాటరీ ముప్పై ఒక్క శాతం చూపిస్తోంది. సాయంత్రం ఐదింటికల్లా రిపోర్టు పంపాలి. నారాయణఖేడ్ బస్టాండు పక్క సందులో, తల్లి బిస్మిల్లాబీ నడిపే అటుకుల దుకాణం వెనకగదిలో గోడకు చేరగిలిన మెహ్‌జబీన్ "ఇప్పుడే పోవాల్నా నీకు" అని కరెంటును తిట్టుకుంది.

హైదరాబాదులో ఒక మందుల ప్రయోగశాలలో ఆమె కాంట్రాక్టు ఉద్యోగి. చిటికెడు తెల్లటి పొడి చేతికిచ్చి, అందులో అణువులు ఎలా పేర్చుకుని ఉన్నాయో తేల్చమన్నారు. అదే మందు పెద్ద స్ఫటికంగా పెరిగితే ఒక్క రోజు పని. ఎంత బతిమాలినా ఇది పెరగలేదు. పొడి మీద ఎక్స్-కిరణాలు వేస్తే వేల గీతలు రావాల్సిన చోట, ఒకదాని మీద ఒకటి పడిపోయి వందో నూటయాభయ్యో మిగులుతాయి. వాటిని విడదీసి అణువులుండే గూడు కొలతలు పట్టుకోవడానికే మూడు నెలలు పట్టింది. ఆ గూట్లో ఏది ఎక్కడుందో వెతకడానికి ఇంకో నాలుగు. కంప్యూటరు రోజుల తరబడి రకరకాలుగా పేర్చి చూస్తుంది, కుదరకపోతే మళ్ళీ మొదటికే. ఏడు నెలలంటే మాటలా? పక్క బల్ల అంకిత ఈలోపు పెద్ద స్ఫటికాలతో పదకొండు తేల్చి పారేసింది. చూసేవాళ్ళకు పదకొండు పదకొండే, ఒకటి ఒకటే. ఆ ఒకటీ ఇవాళ తేలితేనే మెహ్‌జబీన్ కాంట్రాక్టు పొడిగిస్తారు.

ఫోను మోగింది. ప్రయోగశాల పెద్ద అరుణజ్యోతి.

"పంపినవా?"

"ఇంక లేదు మేడం. రెండు అణువులు మరీ దగ్గరకొచ్చినయి. అట్ల ఉండనీకి రాదు."

"మన లెక్కకు గీతలు కలిసినయి గద. లోపల ఎవరు చూస్తరు?"

"గీతల బలాలకు దిద్దుబాటు పెద్దగ పెడితే కలిసినయి మేడం. అంత పెద్దగ ఎందుకు పెట్టాల్సొస్తుందో సమజైతలేదు."

"చిటికెడు పొడికి ఏడు నెలలా అని నన్నడుగుతున్నరు. నేనేం చెప్పాలె? నాది కూడ నౌకరే." ఆ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ వినిపించింది. "ఐదింటి వరకు పంపు."

దుకాణంలోకి సిర్గాపూర్ లక్ష్మవ్వ వచ్చింది. పట్నంలో కూలిపనికి బస్సెక్కే ముందు ఇక్కడే అటుకులు కొనుక్కుంటుంది. బిస్మిల్లాబీ సేరు డబ్బా నింపి, అరచేత్తో గట్టిగా ఒత్తి, మళ్ళీ పోసి మళ్ళీ ఒత్తింది.

"ఒత్తకుంటె నీకు తక్కువొస్తయక్కా."

"అబ్బ, ఎట్ల పండుకున్నయో సూడు," అని లక్ష్మవ్వ డబ్బాలోకి చూసి నవ్వింది. "ఒక్కటన్న నిలబడ్డదా?"

తలుపు సందులోంచి మెహ్‌జబీన్ ఆ డబ్బా వైపు చూసింది.

యంత్రంలో పెట్టేముందు పొడి పోసే పలకలో చిన్న గుంట ఉంటుంది. దాన్ని నిండుగా నింపి, గాజుముక్కతో గట్టిగా ఒత్తింది తనే. కొలత తక్కువ చేయకూడదని చిన్నప్పటి నుంచీ అమ్మ నేర్పిన చెయ్యి అది. ఆ పొడి రేణువులు అటుకుల్లా పలచగా ఉన్నాయని ముందే చూసింది, మెత్తగా నూరాను కదా అని ధీమాపడింది. ఒత్తిడికి అవన్నీ ఒకే వైపు పడుకున్నాయి. యంత్రం ఆ ఒక్క ముఖాన్నే ఎక్కువగా చూసింది. గీతల చోట్లు నిజమే కాబట్టి గూడు కొలతలు నిలుస్తాయి. ఆ గీతల బలాలు మాత్రం అబద్ధం. నాలుగు నెలలు ఆ అబద్ధాన్ని నమ్మి వెతికింది. ఏడుపొచ్చింది గానీ ఏడవడానికి టైము లేదు.

సన్నటి గాజుగొట్టంలో పొడిని వదులుగా పోసి, తిప్పుతూ మళ్ళీ కొలవాలి. యంత్రం దగ్గర వరస రెండు నెలలుంది. ఆ తర్వాత మళ్ళీ వెతకాలి. అప్పటికి లోపలికి రానిచ్చే కార్డే ఉండదు.

నాలుగూ నలభై. బ్యాటరీ ఐదు. రిపోర్టు తయారుగానే ఉంది, ఒక్క వేలు ఆనిస్తే చాలు, ఎవరికీ తెలియదు. ఈ పేర్పును నమ్మి రేపు మందుబిళ్ళ చేస్తారు. అది కడుపులో కరగకపోతే మింగినవాడికీ తెలియదు. ఆమె రిపోర్టులోంచి అణువుల పేర్పు బొమ్మ తీసేసింది. ఫలితం అన్నచోట రాసింది: "తేలలేదు. కొలత తప్పు. పొడిని నేనే ఒత్తాను. మళ్ళీ కొలవాలి." పంపింది. కాసేపటికి తెర నల్లబడింది.

బిస్మిల్లాబీ చేతులు దులుపుకుంటూ లోపలికొచ్చింది. తల్లీకూతుళ్ళు ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు.

"హోగ్యా బేటా?" అయిపోయిందా అని తల్లి అడిగింది.

"నై హువా అమ్మీ." కాలేదంది కూతురు.

"క్యా గల్తీ హుయీ?"

తప్పేమిటో చెప్పబోయి మెహ్‌జబీన్ తల్లి అరచేతుల వంక చూసింది. ఇంతలో దుకాణం ముందు ఎవరో పిలిస్తే బిస్మిల్లాబీ తిరిగి వెళ్ళింది. బయట అటుకులు డబ్బాలో పోసిన చప్పుడు, ఆ వెనకే రెండుసార్లు అరచెయ్యి ఒత్తిన చప్పుడు వినిపించాయి.