ఉప్పు మానుకున్న రోజులు

పదకొండేళ్లు బోరు బండి మీద పనిచేస్తూ మారుతి తిరగని రాష్ట్రం లేదు. చివరికి ఛత్తీస్‌గఢ్‌లో ఒక చోట జ్వరం పట్టుకుని వదలకపోతే, అక్కడి ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి హెచ్ఐవీ అని చెప్పారు. అప్పటికి అతనికి ముప్పై ఎనిమిదేళ్లు.

ఊరికొచ్చి భార్య మల్లీశ్వరికి, కూతురికి పరీక్ష చేయించాడు. ఇద్దరికీ లేదని తేలింది. ఆ కాగితం పట్టుకుని మల్లీశ్వరి ఆసుపత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. వారం తిరగకుండా కూతుర్ని తీసుకుని గార్లదిన్నె దగ్గరి పుట్టింటికి వెళ్లిపోయింది.

ఉరవకొండ అవతల మారుతి వాళ్లకు నాలుగెకరాల వేరుశనగ చేను ఉంది. ఊళ్లోని ఇల్లు అన్న జయరాంకు వదిలి, మారుతి చేలో మోటారు కోసం కట్టిన రేకుల గదిలోకి మారాడు. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. వదిన రోజూ క్యారియర్‌లో సంగటి పెట్టి పంపేది. జయరాం దాన్ని గట్టు మీద పెట్టి, తినమని కేకేసి, బండి దిగకుండానే తిప్పుకుని పోయేవాడు. ఆ ఏడు వానల్లేక చేను బీడు పడింది. చుట్టుపక్కల చేలకూ మనుషులు రావడం మానేశారు. ఒక్కోరోజు ఆ కేక తప్ప మారుతి చెవిన మనిషి మాట పడేది కాదు.

మాత్రలు అనంతపురం పెద్దాసుపత్రిలో ఇచ్చేవారు. రోజుకొకటి. అవి వేసుకున్నంత కాలం అందరిలాగే బతకొచ్చని, పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఈ జబ్బు అంటదని కౌన్సిలర్ పద్మప్రియ ఓపిగ్గా చెప్పేది. ఇంట్లోవాళ్లను తీసుకురమ్మంది, వాళ్లకూ తనే చెప్తానంది. మారుతి తీసుకురాలేదు. రెండేళ్లలో ఒళ్లు తేరుకుంది. కానీ జబ్బు పూర్తిగా పోతుందా అని అడిగిన ప్రతిసారీ ఆమె పోదనే చెప్పింది. పోతే మల్లీశ్వరి తిరిగొస్తుందని అతని ఆశ.

గోరంట్ల వైపు తిప్పయ్య అనే నాటువైద్యుడు ఈ రోగాన్ని వేరుతో సహా పెరికేస్తాడని బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడు. మరుసటి సోమవారమే బస్సులు మారి అక్కడికి పోయాడు.

తిప్పయ్య డెబ్బై ఏళ్ల మనిషి. విషయం విని ముఖం చిట్లించలేదు, దూరం జరగలేదు. మారుతి చెయ్యి తన తొడ మీదికి లాక్కుని, మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఆ వేళ్లు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. తిప్పయ్య చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. ఊరికొచ్చాక మారుతిని ఇంతసేపు ముట్టుకున్న మనిషి ఇతనే.

"నలభై ఒక్క దినాలు ఉప్పు మానుకోప్పా," అన్నాడు తిప్పయ్య. "ఆ ఇంగ్లీషు మాత్రలూ మానుకో. రెండు మందులు ఒక కడుపులో ఇమడవు."

మారుతి మానుకున్నాడు. సోమవారం సోమవారం పోయి నాడి చూపించుకున్నాడు. చప్పిడి సంగటి తిని, తిప్పయ్య ఇచ్చిన చేదు పొడి మజ్జిగలో కలుపుకుని తాగాడు. నలభై ఒకటీ అయ్యాక ఇంకో నలభై ఒకటన్నాడు తిప్పయ్య. పద్మప్రియ ఫోన్ చేస్తే, బళ్లారిలో పనిలో ఉన్నానని, మాత్రలు అక్కడే తీసుకుంటున్నానని అబద్ధం చెప్పాడు. తర్వాత ఆమె నంబరు చూస్తే ఫోన్ ఎత్తడమే మానేశాడు.

నాలుగో నెలలో దగ్గు మొదలైంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఒళ్లంతా చెమట. ప్యాంటు నడుము మీద నిలవడం లేదు. అది రోగం బయటికి పోతున్న గుర్తని తిప్పయ్య అన్నాడు. మారుతికి నమ్మకం పోయింది. అయినా సోమవారం వస్తే పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బస్సెక్కేవాడు.

ఒకరోజు జయరాం క్యారియర్ తెచ్చేసరికి ముందురోజుది మూత తియ్యకుండా అలాగే ఉంది. కేకేశాడు. పలుకు లేదు. బండి దిగి గదిలోకి పోయి చూస్తే తమ్ముడు నేల మీద పడి ఉన్నాడు. జయరాం రెండు చేతులా ఎత్తుకుని ఆటో దాకా మోశాడు.

పెద్దాసుపత్రిలో టీబీ అన్నారు. మూడు వారాలకు గానీ మంచం మీద లేచి కూర్చోలేకపోయాడు. పద్మప్రియ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. తిప్పయ్య సంగతంతా మారుతి నోటి నుంచే విన్నా, మాత్రలు మానినందుకు తిట్టలేదు.

"ఆ నాటుమందు పని చెయ్యలేదని నీకు తెలిసిపోయింది గదా. మళ్లీ ఎందుకు పోతా వచ్చినావన్నా?" అని అడిగింది.

మారుతి గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఆయప్ప చెయ్యి పట్టుకుంటాడు మేడం."

 పద్మప్రియ లేచి, వరండాలో ఉన్న జయరాంను తన గదికి పిలిచి చాలాసేపు మాట్లాడింది. మారుతి చేనికి తిరిగొచ్చాక, జయరాం కూడు తెచ్చినప్పుడల్లా బండి దిగేవాడు. నాలుగడుగుల దూరంలో గట్టు మీద కూర్చుని, తమ్ముడు తినేదాకా ఉండేవాడు. మాట్లాడటానికి ఇద్దరికీ పెద్దగా ఏమీ దొరికేది కాదు. మల్లీశ్వరి మాత్రం రాలేదు.

టీబీ మందు కోర్సు పూర్తయి, హెచ్ఐవీ మాత్రలు మళ్లీ రోజూ వేసుకుంటూ ఒళ్లు కుదుటపడ్డాక మారుతి ఒకసారి గోరంట్లకు పోయాడు. మాత్రలు మానెయ్యమని ఇంకెవరికీ చెప్పొద్దని తిప్పయ్యను బతిమాలుకున్నాడు. ముసలాయన కోప్పడలేదు. "నువ్వు ఉప్పు తినింటావులేప్పా," అని మాత్రం అన్నాడు.

బయట అరుగు మీద ఒక యువజంట వంతు కోసం కూర్చుని ఉంది. భార్య ఒళ్లో ఆసుపత్రి ఫైలు. మారుతి వాళ్ల ముందు నిలబడి, "నాకు హెచ్ఐవీ ఉండాది," అన్నాడు. ఆ జబ్బు పేరు తన నోటితో పైకి అనడం అదే మొదలు. "ఈయన మాట విని మాత్రలు మానినా. సచ్చి బతికినా. మీరు మానొద్దండి."

మొగుడు ముఖం తిప్పుకుని అరుగు చివరికి జరిగాడు. ఆమె మాత్రం మారుతి వైపే చూస్తూ ఉంది.

"మళ్లా వేసుకుంటే బాగైనావా, అన్నా?" అని మెల్లగా అడిగింది.

"బాగైనానమ్మా."

లోపలి నుంచి తిప్పయ్య పిలిచాడు. మొగుడు లేచి ముందు నడిచాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, ఫైలు చంకలో పెట్టుకుని, అతని వెనకే పోయింది. మారుతి రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఆ తలుపు వైపే చూశాడు. అనంతపురం బస్సు వచ్చేదాకా వాళ్లు బయటికి రాలేదు.