చివరి పది నిమిషాలు

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు టేప్ రికార్డరు. పదకొండేళ్లుగా అదే కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లకి ప్రోగ్రామింగ్ చెబుతోంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పి, బోర్డు మీదకి ఎక్కించి, పుస్తకం మూసి గంట కోసం చూసేది. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. కోపమూ రాలేదు. తనకి చెప్పడం చేతకాదని తనకే తెలుసు.

చెప్పడం వచ్చింది అక్కకి. ఇద్దరిదీ ఒకటే చదువు, అక్క ఒక ఏడు ముందు. ఎంత చిక్కు పాఠమైనా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేది. "ఒసేయ్ మొద్దూ, తొందరపడకే" అని మాటకి ముందొకసారి, వెనకొకసారి. ఎడమచేతి వాటం మనిషి. ఆఖరి ఏడాదిలో వారం రోజుల జ్వరంతో పోయింది. అది జరిగి ఇరవై రెండేళ్లు.

ఒక సోమవారం రెండో పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూములో టీ తాగుతూ చూసుకుంటే, ఎడమచేతి వేళ్లకి సుద్దపొడి. డస్టరు పట్టుకుని ఉంటాను అనుకుని కడిగేసుకుంది. మంగళవారమూ అంతే. బుధవారం కళ్లజోడు పిల్ల వచ్చింది. క్లాసు లీడరు, మొహమాటం లేని పిల్ల.

"మేడమ్, చివర్లో చెప్పేది అదిరిపోతోంది. క్లాసంతా అలాగే చెప్పొచ్చుగా?"

"చివర్లో ఏం చెప్పాను?"

"పుస్తకం మూసేశాక చెబుతున్నారు కదా, పది నిమిషాలు. నిన్న వెనక బెంచీవాణ్ణి ‘మొద్దూ’ అన్నారని వాడికి ఒకటే సంబరం!"

పుస్తకం మూయడం గుర్తుంది. గంట మోగడం గుర్తుంది. ఆ రెంటికీ మధ్య ఏమైనా ఉందని ఆవిడకి ఎన్నడూ తోచలేదు.

"ఊళ్లో లేని ఫ్రెండ్ కోసం ఫోన్లో వీడియో తీశాను. తిట్టనంటే చూపిస్తాను" అంది ఆ పిల్ల.

ఇద్దరూ కిటికీ పక్కన నిలబడి చూశారు. బయట పట్టపగలు, ఎండ ఫెళ్లున కాస్తోంది. ఫోన్లో తనే, అదే చీర, అదే బోర్డు. పుస్తకం మూసింది. ఒక్క క్షణం ఎటో చూస్తూ నిలబడింది. తర్వాత సుద్దముక్క కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారింది.

"ప్రోగ్రాం తన్ను తానే పిలుచుకోవడం, అదే రికర్షన్, అంటే హడలెందుకర్రా?" అంటోంది ఫోన్లోని మనిషి. గొంతు తనదే, కానీ అందులోని హుషారు తనది కాదు. "ఈ వరుసలో ఆఖరివాడా, నీది ఎన్నో నంబరు? తెలీదా? ముందువాణ్ణి అడుగు. వాడికీ తెలీకపోతే వాడు తన ముందువాణ్ణి అడుగుతాడు. అందరిదీ ఒకటే ప్రశ్న. మొదట కూర్చున్నదానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు, తను ఒకటి. ఇప్పుడు జవాబు వెనక్కి పంపండి, ఒక్కొక్కళ్లూ ఒకటి కలుపుతూ."

పిల్లలు నవ్వుతూ "ఒకటి, రెండు, మూడు" అని అరుస్తున్నారు. బస్సు కోసం లైన్లో నిలబడి అక్క తనకి చెప్పిన పాఠం అది, పొల్లు పోకుండా.

అప్పుడు ఫోన్లోని మనిషి తల తిప్పి సూటిగా కెమెరాలోకి చూసింది.

"చూస్తున్నావుటే మొద్దూ? ఇక్కడే నువ్వు ప్రతిసారీ తొందరపడేది."

"మా ఫ్రెండుతోనే అన్నారనుకున్నాం" అని కిసుక్కున నవ్వింది కళ్లజోడు పిల్ల. ఆవిడ ఫోను బోర్లించి ఆ పిల్ల చేతిలో పెట్టేసింది.

గురువారం ఆవిడ గట్టి పట్టుదలతో వెళ్లింది. ఎడమచేతిలో డస్టరు బిగించి పట్టుకుంది. చివరి పేజీ అయినా పుస్తకం మూయలేదు. గడియారం ముల్లు కదులుతోంది, తన ఊపిరి తనకే వినిపిస్తోంది. ఏమీ జరగలేదు. యాభై మందీ పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. వెనక బెంచీ కుర్రాడు లేచాడు.

"మేడమ్, ఆపమని చెప్పే లైను రాయకపోతే ఏమవుతుంది? అడుగుతూనే పోతుందా?"

"మెమరీ అయిపోయి ప్రోగ్రాం ఆగిపోతుంది" అంది పుస్తకంలోది.

"ఎందుకు అయిపోతుంది మేడమ్?"

జవాబు తెలుసు. విడమరిచి చెప్పడం రావడం లేదు. కుర్రాడి మొహం వాడిపోయింది. సిగ్గేసింది ఆవిడకి. ఇరవై రెండేళ్ల కిందట తన మొహం అలా వాడిపోతే అక్క ఊరుకునేది కాదు. డస్టరు బల్ల మీద పెట్టి, పుస్తకం మూసి, సుద్దముక్కని తనంతట తనే చేయి మార్చుకుంది.

గంట మోగింది. బోర్డు నిండా బొమ్మలు. కుర్రాడు తల ఊపుతూ రాసుకుంటున్నాడు. ఆవిడ వెళ్లి కళ్లజోడు పిల్ల పక్కన కూర్చుంది.

"నేను చెప్పింది ఒకసారి నాకు చెప్పమ్మా."

ఆ పిల్ల జోకనుకుంది. కాదని తెలిశాక నోట్సు తెరిచి, మొదట్నించీ చెప్పింది. రోజూ అలాగే సాగింది. ఆ పది నిమిషాలు పదిహేనయ్యాయి, తర్వాత అరగంట. సెమిస్టరు చివరికి హాజరు పిలవడం వరకే ఆవిడకి గుర్తుండేది. భయం లేదని కాదు. రాత్రి అన్నం కలుపుతుంటే చేతులు తేరిపార చూసుకునేది. కానీ పొద్దున్నే తొందరగా తయారయ్యేది.

ఫలితాలొచ్చాయి. ఆ క్లాసులో ఒక్కరూ తప్పలేదు. విభాగం పెద్దాయన గదికి పిలిపించి, ఆశ్చర్యం దాచుకోకుండానే మెచ్చుకున్నాడు.

"వచ్చే ఏడు రెండో సెక్షను కూడా మీరే తీసుకోవాలమ్మా. రోజంతా క్లాసులే అవుతాయి, ఆలోచించుకుని చెప్పండి."

రోజంతా! ఇక తనకి మిగిలేదేమిటి? వద్దని చెప్పడానికి ఆవిడ మాటలు వెతుక్కుంటోంది.

"ఆలోచించేదేముందండీ, ఇచ్చెయ్యండి" అంది ఆవిడ గొంతు, మహా హుషారుగా.