గోదాలో వదిలేసిన బూట్లు

అమెరికాలో మా అయోవా రాష్ట్రంలో కాలేజీ కుస్తీవాడు ఆట మానేసే రోజున బూట్లు విప్పి గోదా మధ్యలో పెట్టి, ఉత్తకాళ్లతో నడిచిపోతాడు. జనం లేచి నిలబడి కళ్లొత్తుకుంటారు. మొన్న మార్చిలో మా తమ్ముడు రోవన్ ఆ ముచ్చటా తీర్చుకున్నాడు. కోచ్ వాణ్ణి వాటేసుకుని, "నువ్వెప్పటికీ మా ఇంటివాడివేరా, నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అన్నాడు. నేనూ ఏడ్చాను, నా మొహం మండ!

అప్పట్నుంచి వాడు నా సోఫాకి అతుక్కుపోయాడు. నిద్ర లేదు. పోటీల రోజుల్లోలాగే తెల్లారగానే బరువు చూసుకుంటాడు. పాన్‌కేక్ సగం తిని మిగతాది పక్కకి నెట్టేస్తాడు.

"ఇప్పుడెవడితోరా పోటీ, పక్కింటి పిల్లితోనా?" అన్నాను.

నవ్వలేదు. "పొద్దున లేచి ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు లేరక్కా. అసలు నేనెందుకున్నానో తెలీట్లేదు."

నాకు భయమేసింది. డాక్టర్ దగ్గరికి పదమంటే ముందు కోచ్‌కి చెప్పుకుంటానన్నాడు. సరేనని కారెక్కించి కాలేజీకి తీసుకెళ్లాను. ఎప్పుడూ తెరిచుండే ఆ తలుపు కార్డు గీకితేగానీ తెరుచుకోదు. వాడి కార్డు ఇక చెల్లదట. ఎవరో బయటికొస్తుంటే సందు చూసుకుని దూరాం.

"ఓహో, మన నూట నలభై తొమ్మిది!" అన్నాడు కోచ్. అది వాడు కుస్తీ పట్టిన బరువు, పౌన్లలో. పేరు గుర్తురాలేదు మహానుభావుడికి.

"నాకు బాగోలేదు కోచ్. నిద్ర పట్టట్లేదు."

"బాగోకపోవడమేంట్రా, ఒళ్లు చేసి నిగనిగలాడుతుంటే! నీళ్లు బాగా తాగు." భుజం తట్టాడు. ఇంటివాడికి జరగాల్సిన మర్యాద అయిపోయింది.

తమ్ముడు తల దించుకుని, "నా బూట్లిస్తే పోతాను" అన్నాడు.

"సామాన్ల గదిలో బూట్ల డబ్బా ఉంది, వెతుక్కో."

ఏళ్ల తరబడి జనం చూసి ఏడ్చిన బూట్లన్నీ అందులో కంపు కొడుతూ పడున్నాయి. ప్రతి జత లోపలా ఒక పేరు. రోవన్ ఒక్కోటీ తీసి చదువుతూ కూర్చున్నాడు.

"హోలిస్... నాకు పట్లు నేర్పింది వీడేనక్కా" అని ఫోన్ తీశాడు.

అవతలివాడు వెంటనే ఎత్తాడు.

"హోలిస్, నేను రోవన్‌ని. నీ బూట్లు ఇక్కడున్నాయి."

 ఫోన్ స్పీకర్‌లో హోలిస్ మెల్లగా, "నువ్వు కూడా ఇంకా రోజూ బరువు చూసుకుంటున్నావా?" అన్నాడు.

మావాడు ఆ బూట్ల మధ్య చతికిలబడి భోరుమన్నాడు. కోచ్ గుమ్మంలోకొచ్చి, "ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు. ఆ తలుపేసి వెళ్లండి" అన్నాను.