పురుగు పట్టని బస్తీ

పెద్దవయసులో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. రాతలో తప్పులుంటాయి, చెయ్యి నెమ్మది. చదివేవాళ్లు మన్నించాలి.

బెల్లంపల్లి గనుల్లో చెప్పుల్లేకుండా దిగేవాళ్ల పాదాల్లోంచి కొంకిపురుగు ఒంట్లోకి దూరి, పేగును కరుచుకుని రక్తం తాగేది. హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టర్ వామన్‌రావు చదువంతా ఆ పురుగు మీదే. కొందరి రక్తానికి దాన్ని ఓడించే శక్తి ఉంటుందని ఆయన నమ్మకం. అలాంటి మనుషులు దొరికితే హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కుర్చీ ఆయనదే.

దొరికారు. కార్మికుల బస్తీలో అందరికీ చిన్న రేకు డబ్బాలు పంచి, పొద్దున దొడ్డికి వెళ్లినప్పుడు కాస్త అందులో పెట్టి తెమ్మన్నాడు. మైక్రోస్కోపులో చూస్తే ఒక్క డబ్బాలోనూ పురుగు గుడ్డు లేదు. వామన్‌రావుకు సంతోషంతో అన్నం సయించలేదు. "ఏళ్ల తరబడి పురుగుతో కాపురం చేసి ఈ జనం రక్తం దాన్ని గెలిచింది" అని పెద్ద వ్యాసం రాసి పంపాడు. గెలిచిన రక్తానికి మందెందుకని దవాఖానలో కొంకిపురుగు పోయే మందు ఆపించాడు. జనం పాలిపోయి ఆయాసపడుతుంటే, అదంతా కల్లు వల్ల అని తేల్చాడు.

వ్యాసం చదివిన హైదరాబాద్ పెద్ద డాక్టర్లు, తామే వచ్చి ఎదుట పరీక్షిస్తామని కబురు చేశారు. ఆ కబురు అందిన రోజే బస్తీలో ఉండే దేవవ్వ డబ్బా పట్టుకుని వచ్చింది. ఆమె మొగుడు సాంబయ్య బొగ్గు తట్ట ఎత్తలేక కూలబడుతున్నాడు.

"సార్, జర గిది సూడు. మా ఆయనది."

"మీ ఆయనది చూసిన కదమ్మా. ఏం లేదు."

"గది ఆయనది కాదు సార్. కొమురెల్లిది."

"కొమురెల్లి ఎవరు?"

"బోథ్ కెల్లి వచ్చిన బండి తోలేటాయన. గనిల దిగడు, కాళ్లకు చెప్పులిడువడు. మా మొగోళ్లకు గా డబ్బా పట్టుకొని నర్సమ్మల ముంగటికి రానికి సిగ్గాయె. సీసా కల్లు పోస్తే ఆయనే నింపిచ్చిండు."

"ఎందరివి?"

"బస్తీ మొత్తం సార్! పొద్దుగాల ఆయన చెలక దిక్కు పోతుంటే ఎనుక లైను కట్టేటోళ్లు. ఒకనాడు ఆయనకు రాలే, అందరు పరేషాన్."

"ముందే చెప్పొద్దా?"

"నువ్వు మస్తు ఖుషీగ ఉంటివి. మందియ్యి సార్, మనిషి దక్కేటట్టు లేడు."

వామన్‌రావు ఆ డబ్బాను పరీక్షించాడు. కల్లంలో వడ్లు పోసినట్టు గుడ్లే గుడ్లు. నిజం చెబితే కుర్చీ పోతుంది. ఊరుకుంటే పెద్ద డాక్టర్లే చూసేస్తారు. లేచి మందుల బీరువా తెరిచాడు. సాంబయ్యకు మొదటి మోతాదు తనే మింగించాడు. తర్వాత గడపగడపకూ తిరిగి, "బలానికి" అంటూ అందరికీ అదే మందిచ్చాడు.

పెద్ద డాక్టర్లు వచ్చారు. ఈసారి ఎవరిది వాళ్లే ఇచ్చారు. ఒక్క గుడ్డు లేదు. వామన్‌రావుకు పూలదండ పడింది, కుర్చీ దక్కింది. పురుగును గెలిచిన కాళ్లకు బూట్లెందుకని గని పెద్దలు ఆ ఖర్చు మిగుల్చుకున్నారు.

ఏటేటా పరీక్ష జరగాలన్నారు. ఏటేటా ప్రొఫెసర్‌గారు ముందుగా ఒక్కడే వచ్చి, బస్తీకి బలం మందు పంచి పోయేవాడు. మందు పడ్డాక తేరుకుని తట్ట ఎత్తిన సాంబయ్య వట్టికాళ్లతో గనిలోకి దిగి, ఏడాది తిరిగేలోగా మళ్లీ కూలబడేవాడు.

ఒక ఏడు పరీక్ష ముగిసి వామన్‌రావు కారెక్కుతుంటే దేవవ్వ అడ్డం వచ్చి నిలబడింది.

"సార్, గా పెద్దసార్లను ఏడాదికి రెండుసార్లు రమ్మనరాదు?"

సిలివేరు కిష్టవ్వ,
వయసు అరవై తొమ్మిది,
ఇప్పుడు ఉండేది కరీంనగర్‌లో.