మంచి కాలికి పిండికట్టు

టైలరుకు మొలలు. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని మిషను తొక్కేవాడికి మొలలు రాక ముత్యాలు వస్తాయా? అతనికి జబ్బు కన్నా బావమరిది భయం ఎక్కువ. బావమరిదిని వీధంతా మైకు అంటారు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటాయన విరేచనాల కథను కూరగాయల బజారు దాకా మోసిన ఘనుడు. ఈ సంగతి వాడి చెవిన పడితే ఇక షాపులో తలెత్తుకోవడం కల్ల. అందుకే టైలరు భార్యకు తప్ప ఎవరికీ చెప్పకుండా, అడిగినవాళ్ళకు పంటినొప్పి అని బొంకి ఆసుపత్రికి వెళ్ళాడు.

ఆ ఆసుపత్రి అప్పుడే ఒక దావా ఓడిపోయి ఉంది. ఎవరికో షుగరుందని నర్సు నోరు జారితే, కుదిరిన సంబంధం కాస్తా చెడింది. ఆయన కోర్టుకెక్కి ఆసుపత్రి చేత ముక్కు నేలకు రాయించాడు. పాలతో నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు కదా. అప్పట్నుంచి అక్కడ రోగికి పేరు లేదు, రోగం పైకి చెప్పకూడదు. కౌంటరమ్మ చెవిలో ఊదితే ఆమె ఒక కుర్చీ చూపిస్తుంది. లోపలికి ఆ కుర్చీ గుర్తుతోనే పిలుస్తారు. పెద్ద చదువులవాళ్ళు పదిమంది గది తలుపులేసుకుని ఆలోచిస్తే ఇలాంటివే పుడతాయి.

టైలరుకు కిటికీ పక్క కుర్చీ వచ్చింది. కూర్చుంటే ప్రాణం పోతుంది. అవతల స్తంభం పక్క కుర్చీలో కాలు విరిగిన పెద్దాయన, కాలు చాపే చోటు లేక మెలికలు తిరుగుతున్నాడు.

"బాబాయ్, కిటికీ దగ్గర చోటుంది, అక్కడికి రండి. నేనెలాగూ నిలబడేవాణ్ణే" అని టైలరు ఆయన్ని నడిపించి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. తాను పోయి స్తంభం పక్క కుర్చీ వీపు పట్టుకుని కాసేపు ఈ కాలి మీద, కాసేపు ఆ కాలి మీద నిలబడ్డాడు. మంచికి పోతే చెడు ఎదురయిందని పెద్దలు ఊరికే అన్నారా?

"స్తంభం పక్క కుర్చీ!" అని కేక వినబడింది. వార్డుబాయిలు ఇద్దరొచ్చి, ఒంటికాలి మీద మూలుగుతున్న మనిషిని చూసి, చక్రాల కుర్చీలో కూలేశారు. టైలరు కెవ్వుమన్నాడు.

"పాపం, బాగా నొప్పిగా ఉన్నట్టుంది" అన్నాడొకడు.

"నొప్పి కాలిది కాదు నాయనా..."

"ష్! ఎక్కడో చెప్పకు సామీ. మేం విన్నామంటే మా ఉద్యోగాలు పోతాయి."

లోపల డాక్టరు చేతిలో అప్పటికే ఎక్స్‌రే ఉంది. దాని మీద పేరు లేదు, స్తంభం పక్క కుర్చీ అని మాత్రమే ఉంది.

"అయ్యా, నా కాలు బాగానే ఉందండీ!" అన్నాడు టైలరు.

"శభాష్. అలాగే చెప్పాలి. బయట జనం వింటున్నారు."

"నిజంగానే బాగుందండీ! నా జబ్బు వేరేచోట..."

"భలే! పూర్తిగా దారి మళ్ళించేశావు. మా స్టాఫుకు నీచేత పాఠం చెప్పించాలి" అంటూనే డాక్టరు తొడ దాకా పిండికట్టు బిగించేశాడు. ఇంకో గదిలో పెద్దాయన్ని బోర్లా పడుకోబెట్టినట్టున్నారు. "కాలురా, నాది కాలురా!" అన్న అరుపు వరండా దాకా వచ్చింది. తర్వాత ఆయనకేం జరిగిందన్నది గోప్యం.

ఇంటికొస్తే భార్య నడుం మీద చెయ్యేసుకుని చూసింది. "మీరు పోయింది దేనికి, తెచ్చుకున్నదేమిటి?"

వెనకాలే మైకు దిగాడు. "బావా! పన్ను పీకించుకోడానికి పోయి కాలెలా విరగ్గొట్టుకున్నావ్?"

"కుర్చీలోంచి పడ్డా."

సాయంత్రానికల్లా పళ్ళ డాక్టరు టైలరును మేడ మీంచి తోసేశాడని వీధంతా పాకింది.

కట్టు పడింది మిషను తొక్కే కాలికే. షాపు మూతపడింది. కుట్టాల్సిన చొక్కాలు, జాకెట్లు గుట్టగా పడున్నాయి. ఒక్కొక్కరే వచ్చి తమ గుడ్డలు పట్టుకుని ఎదురు షాపుకు పోతున్నారు. కట్టు విప్పమని టైలరు ఆసుపత్రికి కుంటుకుంటూ పోయాడు.

"అది కాలు విరిగిన రోగి కట్టు. ఆయన సంగతులు మీతో మాట్లాడకూడదు" అంది కౌంటరమ్మ.

"అమ్మా, ఆ కట్టు నా కాలికే ఉందిగా!"

"అదీ గోప్యమే."

"ఇటు చాపండి, నేనే కోసేస్తా" అని ఇంటికి రాగానే భార్య పెద్ద కత్తెర తీసింది. సలహాకని పిలిపించిన లాయరు అడ్డం పడ్డాడు.

"ముట్టుకోకమ్మా! కట్టే మనకు సాక్ష్యం. మంచి కాలికి పిండికట్టు! ఇలాంటి కేసు లాయరుకు జన్మకొకటి."

"నేను దేనికి పోయానో పైకి రాకుండా గెలిపించండి బాబూ" అన్నాడు టైలరు.

"చూద్దాం" అన్నాడు లాయరు. లాయరు చూద్దామన్నాడంటే మనం చూసుకోవాల్సిందే.

వాయిదా మీద వాయిదా. టైలరు కట్టు సందులోకి స్కేలు దూర్చి గోక్కుంటూ రోజులు నెట్టాడు. చివరికి విచారణ వచ్చింది. రోగి గుట్టు వ్యవహారమని జడ్జిగారు హాలు ఖాళీ చేయించారు. తలుపుకు చెవి ఆనించిన మైకును బంట్రోతు మెడపట్టి గేటు దాకా దిగబెట్టాడు.

ఆసుపత్రి లాయరు లేచాడు. "అయ్యా, ఈయన విరిగిన కాలితో వచ్చాడు. మేం కట్టు కట్టాం. ఇదిగో కొత్త ఎక్స్‌రే. విరిగిన ఆనవాలైనా ఉందా? ఇంత గొప్ప వైద్యానికి దండ వెయ్యాల్సింది పోయి దావా వేస్తారా?"

జడ్జిగారు ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూసి తలాడించారు. "నిజమే, ఎముక అద్దంలా ఉంది. ఏమయ్యా, కాలు కాకపోతే మరి నువ్వు దేనికి వెళ్ళినట్టు?"

టైలరు తలుపు మూసుందో లేదో చూసుకున్నాడు. చెప్తే పరువు పోతుంది, చెప్పకపోతే కేసు పోతుంది. ఎదురు షాపులో తన గిరాకీల గుడ్డలు కుడుతున్న మిషను చప్పుడు చెవిలో మోగింది.

"మొలలండీ!" కిటికీ అద్దాలు అదిరాయి. "కాలు కాదు, పన్ను కాదు, మొలలు!"

జడ్జిగారు గట్టిగా దగ్గారు. కేసు టైలరు గెలిచాడు. డాక్టరు చేతే అక్కడికక్కడ కట్టు కోయించారు. ఆపైన జడ్జిగారు కళ్ళెర్రజేశారు. "ఈ రోగి జబ్బు పేరు ఇంకెవరి నోటైనా వినబడిందో, జైలే!" తీర్పు మాత్రం తలుపులు తెరిచి అందరి ముందూ చదివారు. అందులో 'వాది ఒక చెప్పరాని చోట వచ్చిన చెప్పరాని జబ్బుతో ఆసుపత్రికి వెళ్ళినట్టు రుజువైనది; దాని పేరెత్తిన ఇతరులకు జైలు' అని ఉంది.

అంతే, వీధి గుప్పుమంది. చెప్పరానిదంటే ఏముంటుంది మరి? టైలరు షాపు తెరిస్తే ఒకాయన గుడ్డను కర్ర కొసన తగిలించి లోపలికి చాపాడు. "కొలతలకు ఈ పాత చొక్కా చూసుకో. నీ టేపు నాకు తగలనియ్యకు" అన్నాడు. పక్కింటావిడ టైలరు భార్య భుజం నిమిరి, "ధైర్యంగా ఉండమ్మా, నువ్వు కూడా ఒకసారి చూపించుకో" అంది.

భార్య షాపులోకి దూసుకొచ్చింది. "మొలలని చెప్పి చావండి! నా పరువు కూడా పోతోంది!"

టైలరు మైకును పిలిపించాడు. "ఒరేయ్ బావమరిదీ, నాకొచ్చింది మొలల్రా! పో, వీధి వీధంతా చెప్పు. నీకు ప్యాంటు ఊరికే కుట్టిపెడతా."

మైకు చెవులు మూసుకున్నాడు. "అమ్మో, జైలు బావా! నువ్వనలేదు, నేను వినలేదు" అంటూ పరుగు లంకించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఒక మాట దాచింది అదే మొదలు.

మర్నాడు టైలరే మెడలో టేపు వేసుకుని షాపు గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, మొలలే! అక్కా, ఉత్త మొలలే, ఒట్టు!"

పోయేవాళ్ళు ఆగి, జాలిగా చూసి, నాలుక చప్పరించి పోతున్నారు. "పాపం, అసలు రోగం కప్పిపుచ్చుకోడానికి ఎన్ని తిప్పలు పడుతున్నాడో!"