సముద్రపు పక్క

రేడియోలో ఆ మగగొంతు వినిపించింది ఎనిమిది సెకన్లు. అంతే.

"మితేక్‌ని. కానాక్ ఊరు. ఇద్దరం, ఎనిమిది కుక్కలు. మేమున్న మంచు పలక విరిగి కొట్టుకొచ్చింది. పక్షుల దీవి, సముద్రపు పక్క. మా బావమరిదికి కాలు విరి..."

తర్వాత గరగరమంది. ఆ తర్వాత అది కూడా లేదు. బ్యాటరీ అయిపోయినట్టుంది.

గోడ గడియారం ఏడున్నర చూపిస్తోంది. సముద్రానికి ఇవతలి ఒడ్డున, మా ఊళ్ళో వేటగాళ్ళ సంఘం రేడియో చూసేది నేనే. పక్కనే టీ తాగుతున్న మా ఆయన ఉలాయుక్ కప్పు కింద పెట్టాడు.

"గ్రీన్లాండోళ్ళు" అన్నాడు. "ఎలుగుబంటి తోలు ప్యాంట్లేసుకుని ఎంత దూరమైనా వచ్చేస్తారు. వీసా అడిగే పని లేదు."

"జోకులు తర్వాత వేద్దువు గానీ. లే."

విమానం కోసం దక్షిణానికి ఫోన్ చేశాను. పొగమంచు, రేపటిదాకా లేవదన్నారు. అంటే మిగిలింది మేమే. మా బావగారు నుంగాక్ అప్పటికే గుమ్మంలో నిలబడి మబ్బుల్ని చూస్తున్నాడు. ఆయన ఉలాయుక్‌కి అన్న. ఎక్కువ మాట్లాడడు.

"ఇప్పుడు తూర్పు గాలి" అన్నాడు. "సాయంత్రానికి తిరుగుతుంది. తిరిగిందంటే ఆ పలకని నడిసముద్రంలోకి తోసేస్తుంది. ఇక వాళ్ళని ఎవరూ చూడరు."

గోడ మీది పటంలో పక్షుల దీవి మీద వేలు పెట్టాను. దానికి పడమర మా జలసంధి, గట్టి మంచు. తూర్పున అంతులేని సముద్రం. సముద్రపు పక్క అంటే ఇంకేముంది?

"తూర్పు ఒడ్డు. ఉత్తరపు సందులోంచి చుట్టి వెళ్ళండి."

నేనే చెప్పాను. నా వేలితో నేనే చూపించాను.

ఉలాయుక్ ఒక్క క్షణం ఆగాడు. మే నెలలో ఉత్తరపు సందు మాట ఎత్తితే మా ఊళ్ళో ఎవరైనా ఆగుతారు. కింద ప్రవాహం మంచుని అడుగు నుంచి తినేస్తుంటుంది. పైకి తెల్లగానే కనిపిస్తుంది.

"పొడుచుకుంటూ వెళ్తాంలే" అన్నాడు. "సందు దాటాక టీకి ఆగుతాం. అప్పుడు ఏరియల్ వైరు కట్టి రేడియోలో పలకరిస్తా. ఈలోగా ఏడవకు."

"నీకోసమా? బావగారి కోసం ఏడుస్తా."

రెండు మంచు బండ్లు, వెనక స్లెడ్జి మీద పడవ. ఎనిమిదింటికి వెళ్ళిపోయారు.

కానాక్‌ని పట్టుకోవడానికి గంటన్నర పట్టింది. మాట్లాడింది తుక్కుమ్మెక్, మితేక్ భార్య. నాలుగేళ్ళుగా రేడియోలో ఎరుగుదును. మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"బతికే ఉన్నారు వదినా" అన్నాను ముందుగా. "పక్షుల దీవి, సముద్రపు పక్క అన్నాడు. మావాళ్ళు బయల్దేరారు."

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు.

"వద్దురా మగడా, ఆ అంచు దగ్గరికి పోకు అన్నాను. వింటేగా! అక్కడ గాలి ఎట్నుంచి?"

"పొద్దుటి సూర్యుడి పక్కనుంచి."

"నేల పక్క గాలా? అయితే ఫర్వాలేదు. అందుకే దీవి చాటున ఆగుంటాడు. గాలి తగిలేచోట పొరపాటున కూడా ఆగడు మా ఆయన. చలంటే భయం సచ్చినోడికి."

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"వదినా, ఏమన్నావ్? పొద్దుటి సూర్యుడి పక్క నేలేంటి? అటు సముద్రం కదా!"

"నీకు మతి పోయిందా? అటు మంచుకొండలు. సముద్రం ఇటు, సాయంత్రపు సూర్యుడి పక్క. పుట్టినప్పట్నుంచీ అంతే. దీవి దగ్గరైనా, ఇంట్లో గోడకైనా, సముద్రపు పక్క అంటే అదే."

పటం వైపు తిరిగాను. వాళ్ళ ఒడ్డుకి సముద్రం పడమర. మాకు తూర్పు. మధ్యలో ఉన్నది ఒకే సముద్రం, పలికేది ఒకే మాట. మితేక్ పడమర అని చెప్పాడు. నేను తూర్పు అని విన్నాను.

విని నా మొగుణ్ణి ఉత్తరపు సందులోకి పంపాను.

"వదినా, మావాళ్ళు తప్పు పక్కకి పోతున్నారు. వాళ్ళ రేడియో సందు దాటేదాకా తెరవరు. నేను వెళ్తున్నా."

"నువ్వెళ్తే మీ రేడియో ఎవరు చూస్తారు?"

"నువ్వే. ఉలాయుక్ పేరు పెట్టి పిలుస్తూనే ఉండు. పడమర అని చెప్పు. మధ్యలో తెరిచాడంటే నీ మాటే వినాలి. ఇవాళ్టికి మా ఊరి రేడియో కూడా నీదే."

"వెళ్ళు. నా గొంతు సంగతి మీ ఆయనకింకా తెలీదు."

పక్కింటివాళ్ళ కొత్త బండి తీశాను. అడగలేదు. భుజాన తుపాకీ, వెనక ఒక పెట్రోలు డబ్బా. బరువేమీ లేని బండి, అది ఎంత పోగలిగితే అంత తోలాను.

ముక్కుకొండ దగ్గర దారి చీలుతుంది. జాడలు ఎడమకి తిరిగాయి. ఉత్తరానికి. మరో పది కిలోమీటర్లు పోయాక ఆ జాడల రంగు మారింది. స్లెడ్జి గాడిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాళ్ళ బరువుకి మంచు వంగి, పైకి నీళ్ళు కక్కింది.

ఇక్కడ ఆగితే మునుగుతాను. ఆగలేదు.

దూరంగా రెండు నల్లచుక్కలు. బండ్లు నిలబడి ఉన్నాయి. ఉలాయుక్ దిగి, బల్లెంతో ముందు మంచుని పొడుస్తున్నాడు. పొడిచి, ఒక అడుగు. మళ్ళీ పొడిచి, ఇంకో అడుగు. తుపాకీ తీసి ఆకాశంలోకి మూడుసార్లు కాల్చాను.

తిరిగి చూశాడు. నేనని గుర్తుపట్టాక అరిచాడు.

"రేడియో వదిలేసి వచ్చావేంటే!"

"అటు కాదు! పడమర ఒడ్డు! వాళ్ళకి సముద్రం పడమర!"

"ఏంటీ?"

"వాళ్ళ ఊరికి! వాళ్ళ ఊరికి సముద్రం పడమరేగా!"

ఉలాయుక్ చేతిలోని బల్లెం మీద కాస్త బరువు మోపినట్టున్నాడు. అది మూరెడు లోతు దిగబడింది. ఆ కన్నంలోంచి నల్లటి నీళ్ళు ఉబికాయి. ఆయన ఇంకొక్క అడుగు వేసి ఉంటే?

ఉలాయుక్ అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కొచ్చాడు. నా భుజం మీద ఒకసారి చెయ్యి వేశాడు, తీశాడు.

"తిట్లు ఇంటికెళ్ళాక" అన్నాడు. "ఇప్పుడు టైం లేదు."

ఒంటిగంటకి పడమర ఒడ్డు చేరాం, సముద్రం దీవి కొస చుట్టి లోపలికి తొలిచిన చోటికి. ఉన్నారు! గట్టి మంచు అంచు నుంచి నలభై గజాల అవతల, మా ఊరి చర్చి కన్నా చిన్న పలక మీద, ఒకడు నిలబడి, ఒకడు స్లెడ్జి మీద పడుకుని. మధ్యలో నీళ్ళు కావు, నానిన మంచు ముద్ద. మనిషి మోకాలు పెడితే దిగిపోతాడు. పడవ వేస్తే అందులో ఇరుక్కుంటుంది. ఉలాయుక్ తెడ్డుతో రెండుసార్లు ప్రయత్నించాడు. పది గజాలు పోయి ఆగిపోయాడు, మేం తాడుతో వెనక్కి లాగాం.

"రెండు వైపులా తాడుండాలి" అన్నాడు నుంగాక్. "వాళ్ళు అటు లాగాలి, మనం ఇటు లాగాలి."

"తాడు అక్కడికి ఎవరు తీసుకెళ్తారు?"

జవాబు మితేక్ దగ్గరుంది. తన తోలు తాడుని ఒక సన్నటి ఆడకుక్కకి కట్టి వదిలాడు. మనిషిని ముంచే ముద్ద కుక్కని మొయ్యగలదు. అది అడుగడుగూ చూసుకుంటూ సగం దూరం వచ్చి, నడుమ కూర్చుండిపోయింది.

"పేరు పెట్టి పిలవండి!" మితేక్ అరుపు గాలికి ముక్కలై వచ్చింది. "దాని పేరు మంచు!"

మంచంటే మా మాటలో సికు. ఉలాయుక్ రెండు చేతులూ చాపి పిలిచాడు. "సికు! సికు! రావే తల్లీ, సికు!"

కుక్క చెవి కూడా కదల్చలేదు.

"గ్రీన్లాండ్ కుక్క" అన్నాడు ఉలాయుక్ కసిగా. "దీనికీ పొగరే."

అప్పుడు తట్టింది నాకు. మేం 'స' అనేచోట వాళ్ళు 'హ' అంటారు. నాలుగేళ్ళు తుక్కుమ్మెక్‌తో మాట్లాడినదాన్ని, నాకు తెలీదా?

"హికు!" అని అరిచాను. "హికు! హికు!"

చెవులు నిక్కబొడుచుకుంది. మూడు గంతుల్లో నా ఒళ్ళో ఉంది.

తోలు తాడు పడవ ముక్కుకి, మా నైలాను తాడు పడవ తోకకి కట్టాం. అటు ఏడు కుక్కలు లాగాయి. పడవ ముద్ద మీద జారుతూ వెళ్ళింది. మితేక్ బావమరిదిని అందులో పడుకోబెట్టి చెయ్యి ఊపాడు. ఇటు మా రెండు బండ్లూ గర్జించాయి. మనిషి వచ్చేశాడు. కాలు వంకరగా ఉంది, మొహం నిండా నవ్వు.

రెండో విడత స్లెడ్జి, నాలుగు కుక్కలు. పడవ తిరిగి బయల్దేరేసరికి నా చెంపకి చల్లగా తగిలింది. వెనకనుంచి. గాలి తిరిగింది. నుంగాక్ సాయంత్రానికన్నాడు, ఇంకా మధ్యాహ్నమే.

పలక కదలడం కళ్ళముందే కనిపించింది. నలభై గజాలు అరవై అయ్యాయి. మా తాడు చుట్టలు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతున్నాయి.

"మిగతా కుక్కల్ని వదిలెయ్!" ఉలాయుక్ అరిచాడు.

"నువ్వు నీ బండి వదుల్తావా?" మితేక్ కేక.

ఉలాయుక్‌కి నవ్వు ఆగలేదు. మూడు కుక్కల్నీ పడవలోకి విసిరి, వాటి మీద తను దూకాడు మితేక్. తాడు చివరి చుట్ట విడిపోయింది. నుంగాక్ బండి హ్యాండిల్ తిప్పాడు. తాడు బిగిసి కీచుమంది, పడవ ముందుకి ఉరికింది. నేనూ ఉలాయుక్ చేతులతో అంచు పట్టుకుని ఒక్క ఊపున గట్టి మంచు మీదకి ఈడ్చాం. మితేక్ మా కాళ్ళ దగ్గర బోర్లా పడ్డాడు, మీద మూడు కుక్కలు.

వెనక, ఖాళీ పలక దీవి కొస దాటి నడిసముద్రంలోకి వెళ్ళిపోతోంది.

"ఇంత ఆలస్యమైందేం?" అన్నాడు మితేక్ పడుకునే. "సముద్రపు పక్క అని స్పష్టంగా చెప్పానుగా!"

నుంగాక్ ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వాడు. నవ్వుతూ మంచులో కూలబడ్డాడు.

ఉలాయుక్ వైరు కట్టి రేడియో తెరిచాడు. తెరవగానే బొంగురుపోయిన ఆడగొంతు. "ఉలాయుక్, ఉలాయుక్, పడమర. ఉలాయుక్, పడమర..." ఎన్ని గంటల నుంచి అరుస్తోందో.

మైకు మితేక్ చేతిలో పెట్టాను.

"ఇంక చాల్లేవే" అన్నాడు. "ఇద్దరం ఇక్కడే ఉన్నాం. కుక్కలు ఎనిమిదీ ఉన్నాయి."

గరగర. తర్వాత మొదలైంది. మీ వంశంలో చెవులున్నవాడు ఒక్కడైనా పుట్టాడా అని మొదలుపెట్టి, పరాయి ఊరి ఆడది వచ్చి కాపాడాల్సిన గతి పట్టిందా నీకు అనేదాకా, ఊపిరి తీసుకోకుండా. మితేక్ రేడియోకి కాస్త దూరం జరిగి, కళ్ళు తుడుచుకుంటూ, "ఆఁ, ఆఁ" అంటున్నాడు.

ఆమె వెనక కానాక్ జనం గోల పెట్టారు. మా ఊళ్ళో నా కుర్చీలో ఎవరు దూరారో ఏమో, అటునుంచి కూడా కేకలు. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు ఊళ్ళు ఒకేసారి అరుస్తుంటే ఒక్క మాటా అర్థం కాలేదు. ఉలాయుక్ సౌండు పూర్తిగా పెంచాడు.